నడిమి చుక్క

వికారాబాద్,
ఆగస్టు 3, 2025

మామా,

ఫోన్ చేస్తే నీ దగ్గర ఒకటే మాట. "మంచిగనే ఉన్న బిడ్డా, నువ్వెట్లున్నవ్?" అంటావు, నేను నోరు తెరిచేలోపు ఫోన్ రాహేలమ్మ అత్త చేతిలో ఉంటుంది. అత్త చెప్పేది ఇంకోలా ఉంటుంది. నిన్న చాయ్ పోస్తూ గ్లాసు పక్కన పోశావట. అందుకే ఉత్తరం మొదలుపెట్టాను. కాగితం మీద తప్పించుకోవడం కష్టం, అక్షరాలు ఎటు వంగాయో కూడా నాకు కనిపిస్తుంది. బాలప్ప అన్న రోజూ పొద్దున తాండూరులో రైలెక్కి ఇక్కడ కోర్టు పక్కన జిరాక్స్ షాపుకు వస్తాడు కదా. ఆయన చేతికిస్తే అదే రోజు నాకు అందుతుంది.

నీ ఎడమ కన్ను మసకబారి ఆరు వారాలైంది. కన్ను తిప్పితే వచ్చే నొప్పి పోయింది, ఐదు రోజుల స్టెరాయిడ్ సూదులూ అయిపోయాయి, చూపు మాత్రం తిరిగి రాలేదు. కంటి నుంచి మెదడుకు పోయే నరం వాచిందని, అందులో ఇప్పుడు కరెంటు ఎంత పారుతోందో కొలవాలని రచన డాక్టరమ్మ అంటోంది. ఆ కొలిచే గదిలోనే ఆరు నెలలుగా నా ఉద్యోగం. గురువారం నీకు పరీక్ష చేసేది నేనే.

కరెంటు అనగానే అత్తను పరేషాన్ చేయకు. మేము నీకు కరెంటు పెట్టం. వెలుతురు పడినప్పుడు నీ కంట్లో, నీ మెదడులో పుట్టే కరెంటునే పట్టుకుంటాం. అది టార్చి సెల్లులో వెయ్యో వంతు కూడా ఉండదు. అంత చిన్నది దొరకాలంటే తల శుభ్రంగా ఉండాలి. బుధవారం షాంపూతో తలస్నానం చెయ్యి. నూనె రాసుకోవద్దు, నూనె తలకు ఆ కరెంటు పట్టుకునే మా బిళ్ళలు అంటుకోవు. నూనె లేని తలతో వికారాబాద్ పంపితే నలుగురూ ఏమనుకుంటారని అత్త అంటుంది. అననివ్వు.

నవాబుపేటలో అమ్మ బాగుంది. అన్న కన్ను ఎలా ఉందని రోజుకు రెండుసార్లు అడుగుతోంది.

నీ చెల్లెలి కూతురు,
రెబెక్క

*

తాండూరు,
ఆగస్టు 9

కోడలు రెబెక్కకు మామ వందనాలు.

రాత చూసి నవ్వకు. మిషన్ బడిలో ఏడో తరగతితో ఆగిన రాత ఇది. ఆ తర్వాత నేను రాసిందల్లా బండల మీద సుద్దముక్కతోనే.

గురువారం నుంచి నా మనసు ఆ చీకటి గదిలోనే ఉంది. లైటు ఆర్పి, తలుపు వేసి, "అరగంట ఊకె కూసో మామా, కన్ను చీకటికి అలవాటు కావాలె" అన్నావు. నా పెళ్లిలో తప్ప నేను పనిలేకుండా అరగంట కూర్చున్నది లేదు. మొదట అంతా నలుపు. కొంచెం సేపటికి ఆ నలుపులోంచి నీలం వచ్చింది. గనిలో పై పొర లేపితే కింద తడి బండ ఉంటుంది చూడు, ఆ నీలం. అది మెల్లగా కదులుతోంది. కన్ను కదిలిస్తే ఎడమ పక్క మెరుపులు. బయట వెలుతురు లేదు, మరి ఇవన్నీ ఎక్కడివి? లోపల ఇంత సామాను పెట్టుకుని యాభై నాలుగేళ్లు తిరిగానన్నమాట.

నువ్వు కూడా అదే గదిలో ఉన్నావని తెలుసు, ఊపిరి వినిపిస్తోంది. అయినా మధ్యలో నువ్వు కాదు, చిన్నప్పటి మీ అమ్మ కూర్చున్నట్టు అనిపించింది. అనంతగిరి గుట్టమీద మంచులో ఆమెను భుజాన ఎత్తుకుని నడిచాను ఒకసారి. నాకు తొమ్మిదేళ్లు, ఆమెకు మూడు. దారి కనిపించడం లేదు. "అన్నా, మనం మబ్బుల ఉన్నమా?" అని అడిగింది. ఉన్నామనే చెప్పాను. ఇంటికి పోయాక ఆ మాట మా అమ్మతో చెబితే నమ్మలేదని ఏడ్చింది.

తర్వాత కింది రెప్పలో, కరెంటు పట్టుకుంటుందంటూ, దారపు పోగు పెట్టి మెరుపులు కొట్టావు. అది బాగానే ఉంది. ఆ తర్వాత రెండో గదిలో, తల వెనక బిళ్ళలు అంటించి, టీవీలో నలుపు తెలుపు గడుల నేల చూపించావు. ఆ గడులు నిలవవు. టక్ మంటే నల్లవి తెల్లగా, తెల్లవి నల్లగా మారతాయి. ముప్పై ఏళ్లుగా బండలు పరుస్తున్నాను, నా నేలలో ఏ బండా ఇంతవరకు చోటు మారలేదు. నిజం చెప్పాలంటే నిద్ర పట్టబోయింది. అయినా నువ్వు చెప్పినట్టే కూర్చున్నాను.

అయిపోయాక చాయ్ తాగిపొమ్మన్నావు. నా ముఖంలోకి చూడకుండా ఎందుకన్నావు? మీ మిషన్‌లో గీతలు ఎలా వచ్చాయో ఉన్నదున్నట్టు రాయి.

మీ మామ,
మత్తయ్య, బండల మేస్త్రీ

*

వికారాబాద్,
ఆగస్టు 12

మామా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మకు ఫోన్‌లో చదివి వినిపిస్తే, మబ్బుల్లో ఉన్న మాట నిజమే, నువ్వు మాత్రం దారిలో రెండుసార్లు పడేశావని చెప్పింది.

ఇక్కడ మూడు రోజులుగా ముసురు. హాస్టల్ కిటికీ లోంచి చూస్తే గుట్ట లేదు, మంచే ఉంది. ఆదివారం హైదరాబాద్ కార్లన్నీ గుట్టెక్కి ఫొటోలు దిగుతాయి, మంచులో ఒకరికొకరు కనిపించక హారన్లు కొట్టుకుంటారు. మూసీ అక్కడే పుడుతుందంటారు కానీ ఏ నీటిబొట్టు దగ్గర పుట్టిందో ఎవరూ చూపించలేరు. నిన్న మా వార్డెన్ మొక్కజొన్న కంకులు కాల్పించింది. ఒకటి నీ కోసం తిన్నాను.

చీకటి గది పరీక్ష రెండు కళ్లకూ చక్కగా వచ్చింది. అంటే కంటి వెనుక పొరకు ఏ జబ్బూ లేదు. రెండోది, గడుల పరీక్ష, డాక్టరమ్మ ఇంకా చూస్తోంది.

మామా, కుడి కన్నుతో అక్షరాలు ఎప్పటిలాగే కనిపిస్తున్నాయా? రోజూ పొద్దున ఎడమది మూసి పేపర్ చదివి చూడు. ఎండలో తిరగకు. షుగర్ చూపించుకో.

వాన తగ్గేలా లేదు.

రెబెక్క

*

ఆగస్టు 12 (రాసి, పంపకుండా నా బైబిల్లో పెట్టుకున్నది)

మామా, ఇది రాయాల్సిన ఉత్తరం.

గడుల పరీక్షలో ఎడమ కన్ను గీత పడిపోతుందని ముందే అనుకున్నాం, పడిపోయింది. కుడి కన్నుది కూడా పడిపోయింది. లేచి నిలబడాల్సిన చోట గీత పడుకుని ఉంది. కుడి కన్నుతో నువ్వు బోర్డు మీద ఆఖరి వరుస వరకు చదివావని డాక్టరమ్మకు చెప్పాను. "ఒక్కోసారి మనిషికి తెలిసే ముందే గీతకు తెలుస్తదమ్మా" అంది. రెండో నరానికి కూడా వాపు మొదలైతే ఆగేది లేదంటోంది. ఇరవై ఒకటిన చేర్చుకుని, ఇంతకుముందు కంటే పెద్ద మందు ఎక్కిస్తుందట. పోయినసారి సూదులకే నీ షుగర్ నాలుగు వందలు దాటింది.

నేనే చెబుతానని డాక్టరమ్మకు మాటిచ్చాను. కలం పట్టుకుంటే వాన గురించే వస్తోంది. రెండు కళ్లూ లేని నిన్ను నేను ఊహించలేకపోతున్నాను మామా.

*

తాండూరు,
ఆగస్టు 14

రెబెక్కా,

వాన గురించి పేజీన్నర రాశావు. వాన తాండూరులో కూడా పడుతోంది బిడ్డా.

నాకు అర్థమైంది. ఎడమ కన్ను ఇక రాదు, ఆ మాట చెప్పడానికి నీకు నోరు రావడం లేదు. అందుకే కుడి కన్ను ఎలా ఉందని అడిగి ఊరుకున్నావు, ఉన్నదానితో సరిపెట్టుకోమని. దీనికి ఇంత బాధ ఎందుకు? దారం కట్టి వరస చూసేటప్పుడు మేమంతా ఒక కన్ను మూసే చూస్తాం. దేవుడు ఆ మూసే పని తప్పించాడనుకుంటాను.

ఇది ఉత్తి ఓదార్పు కాదని నీకు తెలియాలి కాబట్టి చెబుతున్నా. కోట్‌పల్లి నుంచి సంఘ పెద్ద చెన్నయ్య వచ్చాడు. వాళ్లు కొత్త ప్రార్థన మందిరం కట్టారు, నేల నేనే పరచాలట. నీలం బండ, పసుపు బండ, అంచుకు నలుపు. "నీ కన్ను సంగతి విన్న మత్తయ్యా, అయినా నువ్వే పరువాలె" అన్నాడు. ఒప్పుకున్నాను. ఇరవై ఐదున మూల బండ పెడతాను.

మీ అత్త ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. అన్నం మాత్రం పెడుతోంది. కందిపప్పులో ఉప్పు ఎక్కువ పడుతోంది, కావాలనే అనుకుంటా.

నువ్వు ధైర్యంగా ఉండు.

మత్తయ్య

*

వికారాబాద్,
ఆగస్టు 16

మామా,

ఆ పని ఒప్పుకోకు. ఒప్పుకుంటే చెన్నయ్య పెదనాయనకు కబురు పెట్టి వద్దని చెప్పు. నీకు దండం పెడతాను.

గురువారం, ఇరవై ఒకటిన, ఐదారు రోజులకు సరిపడా బట్టలు సర్దుకుని అత్తను తీసుకుని రా. డాక్టరమ్మ నిన్ను చేర్చుకుంటానంది. కుడి కన్ను కూడా చూడాలంది. మిగతాది వచ్చాక ఆమే చెబుతుంది. నన్ను ఏమీ అడగకు, నేను సరిగా చెప్పలేను.

రెబెక్క

*

తాండూరు,
ఆగస్టు 17, ఆదివారం

రెబెక్కకు,

మీ అత్తా నువ్వూ ఒక మాట మీద ఉన్నారని గుడిలో కూర్చున్నప్పుడు తట్టింది. నేను మోకాళ్లు వంచి బండలు మోయడం ఆమెకు ఇష్టం లేదు, నీకు ఫోన్ చేసింది, నువ్వు డాక్టరమ్మ పేరు చెప్పి ఆపుతున్నావు. చదువుకున్న పిల్లవి, సూటిగా "పని మానెయ్ మామా" అంటే సరిపోయేది. నా కుడి కన్ను మీద నింద వేస్తావా?

నా కుడి కన్ను సంగతి నీ టీవీనే అడుగు. తెర నడుమ ఎర్ర చుక్కను చూడు, ఎర్ర చుక్కను చూడు అన్నావు. నేను చుక్క కోసం కూర్చోలేదు. నేల అన్నాక ఎవడైనా మూల పట్టుకుంటాడు. మూల సరిగా ఉంటే నేలంతా సరిగా ఉంటుంది, నడిమి బండ మేము ఆఖర్న పెడతాం. కింద ఎడమ మూల పట్టుకున్నాను. మొదటి కన్నుకూ అదే, రెండో కన్నుకూ అదే, చివరి దాకా వదల్లేదు. ఆ మూలలో ఆఖరి గడి మిగతా గడుల కంటే వెంట్రుక వాసి సన్నం. నీ టీవీ కంపెనీ వాడికి కూడా తెలిసి ఉండదు. కుడి కన్నుతో అది చూశాను. అంత చూసే కన్ను పోతోందంటే నేను నమ్మాలా?

గురువారం రాను. బండలు చూడటానికి గనికి పోయే పనుంది.

మత్తయ్య

*

వికారాబాద్,
ఆగస్టు 18

మామా, మామా,

బాలప్ప అన్న పొద్దున ఉత్తరం ఇచ్చాడు. ఆస్పత్రి మెట్ల మీదే చదివాను. స్కేలు తీసుకుని గదికి పరుగెత్తి టీవీ పెట్టి కొలిచాను. కింద ఎడమ మూల ఆఖరి గడి ఒక మిల్లీమీటరు సన్నం. అంచు చట్రం కొంచెం కప్పేసింది. ఆరు నెలలుగా రోజూ చూస్తున్నాను, నాకు కనిపించలేదు.

ఇప్పుడు అన్నీ చెబుతాను. మిషన్ వినేది ఎక్కువగా చూపు నడిమి భాగాన్నే. మనిషి నడుమ ఉన్న చుక్కను చూస్తేనే గీత లేస్తుంది. మూల చూస్తే ఎంత మంచి కన్నుకైనా గీత పడుకుంటుంది. ఎడమ కన్ను అయ్యాక కుడి కన్ను మొదలుపెడుతూ నేనేమన్నానో గుర్తుందా? "ఇందాక చూసినట్టే చూడు మామా" అన్నాను. నువ్వు అలాగే చూశావు.

నీ కుడి కన్ను గీత కూడా పడిపోయింది. వారం రోజులుగా నేను దాస్తున్నది అదే. రెండో నరం కూడా పోతోందని, పెద్ద మందు ఎక్కించాలని ఏర్పాటు జరిగింది. ఎడమ కన్ను గురించి నువ్వు నన్ను ఓదారుస్తుంటే నేను కుడి కన్ను గురించి ఏడుస్తున్నాను.

డాక్టరమ్మ దగ్గరికి పోయి నీ ఉత్తరం బల్ల మీద పెట్టాను. పరీక్ష తప్పు చేశానని చెప్పాను. మొత్తం చదివింది, ఉప్పు సంగతితో సహా, ఎందుకంటే నేను నీ ముందటి ఉత్తరం కూడా కలిపి ఇచ్చాను. తర్వాత అడిగింది, "పరీక్ష నడుస్తున్నప్పుడు నువ్వు దేన్ని చూస్తున్నవ్ రెబెక్కా?" గీతను చూస్తున్నానన్నాను. "ఆయన కండ్లు ఎవరు చూడాలె?" అంది. మామా, ఎవరో తెలియని మనిషైతే కళ్లు చూసేదాన్నేమో. నీ కళ్లు చూడటానికి భయమేసి గీతల తెర వైపే కూర్చున్నాను.

మందు ఆపింది. గురువారం మళ్లీ పరీక్ష. నన్ను నెల రోజులు చీటీలు రాసే కౌంటర్‌కు మార్చింది. అది న్యాయమే. బట్టలు వద్దు, నువ్వు వస్తే చాలు. గని ఎక్కడికీ పోదు.

ఒకటి మాత్రం అర్థం కాలేదు. మూల అలవాటే సరే, చుక్కను చూడమని నేను నాలుగుసార్లు చెప్పాను కదా. "కనవడుతుందా?" అంటే "ఆ, మంచిగనే" అన్నావు. ఎందుకు చూడలేదు?

రెబెక్క

*

తాండూరు,
ఆగస్టు 24

రెబెక్కా, నా బిడ్డా,

గురువారం అందరి ముందూ చెప్పలేనివి ఇందులో రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

ముందు కోపం. నా కన్ను గురించి నాకంటే ముందు నువ్వు ఏడ్చావు. అది అన్యాయం. కన్ను నాది, ఏడ్చే హక్కు మొదట నాది. ఇంకెప్పుడూ అలా చేయకు. ఈ కోపం ఇక్కడితో అయిపోయింది.

నువ్వు అడిగినదానికి జవాబు ఇది. ఎడమ కన్నుతో చూసినప్పుడు నాకు ఎర్ర చుక్క కనిపించలేదు. వెతికాను. నడుమ ఏమీ లేదు, తడి గుడ్డతో తుడిచినట్టు ఉంది. అంచులే కనిపిస్తున్నాయి. లేదని చెబితే నీ ముఖం ఎలా మారుతుందో అని మంచిగనే కనపడుతోందన్నాను. తర్వాత కుడి కన్నుకు చుక్క కనిపించింది, గోరంత, గురిగింజలా. ఓహో ఇదా అనుకున్నాను. అప్పుడే నువ్వు ఇందాక చూసినట్టే చూడమన్నావు. చుక్క వైపు తిరిగితే ఇందాక అబద్ధం చెప్పానని బయటపడుతుంది. మళ్లీ మూలకు పోయాను. నువ్వు దాచింది వారం, నేను దాచింది నీకంటే ముందు నుంచి. మనిద్దరిదీ ఒకటే రక్తం, ఏం చేస్తాం.

గురువారం అయితే బాగుంది. "ఎడమ కన్నుకు చుక్క కనవడదు డాక్టరమ్మా, కానీ నడుమ ఏడుందో నాకు ఎరుకే. అర్ర నేలకు నడుమ దొరకాలంటే మూల నుంచి మూలకు రెండు దారాలు గుంజుతం, అవి కలిసిన కాడ నడుమ" అన్నాను. ఆమె వెంటనే తెల్ల టేపు తెప్పించి టీవీ తెర మీద ఆ మూల నుంచి ఈ మూలకు రెండు పట్టీలు వేయించింది. అంచుల్లో పట్టీలు కనిపించాయి. అవి రెండూ ఎక్కడికి పోయి కలుస్తాయో అక్కడికి చూపు పంపి నిలబెట్టాను. కనిపించని చోటును చూస్తూ కూర్చోవడం అదే మొదటిసారి. ప్రార్థనలో తప్ప.

డాక్టరమ్మ నిన్ను కౌంటర్ నుంచి పిలిపించి, గీతల తెర ముందు తనే కూర్చుంది. నువ్వు నా ఎదురుగా, కొంచెం పక్కకు స్టూలు వేసుకుని కూర్చున్నావు. పావుగంట నా కళ్లనే చూశావు. నీ కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోవడానికి కూడా తల తిప్పలేదు. కదిలితే నేను కదులుతానని. నేను చూశాను, కానీ చూపు నడుమ నుంచి తీయలేదు.

కుడి కన్ను గీత సరిగ్గా లేచిందని డాక్టరమ్మ చూపించినప్పుడు మీ అత్త బల్ల పట్టుకుని నిలబడింది. ఎడమది చిన్నగా, ఆలస్యంగా లేచింది. కుడి కన్నుకు సెకనులో పదో వంతు పడితే దీనికి దాని మీద సగం ఎక్కువ పడుతోందట. "లేట్‌గ వస్తుంది, కానీ వస్తుంది మత్తయ్యా. నరం బతికే ఉంది. నెలలు పట్టొచ్చు, పూర్తిగా రాకపోవచ్చు కూడా" అంది. నాకు ఆ మాట నచ్చింది. అప్పటి నుంచి ఎడమ కన్నులో లోకం కొంచెం వెనక నడుస్తున్నట్టు అనిపిస్తోంది. రైలు పోతుంటే, కుడి కన్నుకు పోయిన పెట్టె ఎడమ కన్నులో ఇంకా పోతూ ఉంటుందేమో అని స్టేషన్‌లో నిలబడి ఒకటొకటిగా మూసి చూశాను. అలా ఏమీ లేదు. అయినా రెండు రైళ్లు చూసి వచ్చాను.

కోట్‌పల్లి పని వచ్చే నెలకు జరిపాను. చేసుకోవచ్చని డాక్టరమ్మ అంది, రాయి కొట్టేటప్పుడు కుడి కన్నుకు దెబ్బ తగలకుండా అద్దాలు పెట్టుకోవాలట. మీ అత్త మాట్లాడుతోంది. పప్పు కూడా బాగుంది.

ఇక ఒక్కటి. ఇది నీకే. పొద్దున్నే కుడి కన్ను మూసుకుని ఎడమ కన్ను ఎంత వచ్చిందో చూసుకుంటున్నాను. ఆ వేళకు మీ అత్త ఎదురుగా కూర్చుని బియ్యం ఏరుతుంటుంది. ఆమెనే చూస్తాను. చెవి కమ్మలు కనిపిస్తాయి, కొంగు కనిపిస్తుంది, చేతులు కనిపిస్తాయి. ముఖం లేదు. ముఖం ఉండాల్సిన చోట ఆ తుడిచిన తడి ఉంది. రెండు నెలలుగా అంతే. ఆమెకు చెప్పలేదు. నువ్వు చెప్పకు.

ఇంకేం దాచలేదు.

మత్తయ్య

(కింద అంచున, వేరే చేతిరాత)

రెబెక్కా, నేను మీ అత్తను. మడతవెట్టి బాలప్పకియ్యమని ఉత్తరం నా చేతికిచ్చిండు. చదువొద్దనలే, చదివిన. రెండు నెలల సంది పొద్దుగాల ఒక కన్ను మూసి నా దిక్కే చూస్తుంటే, ఈ వయసుల గిదేం చూపని సిగ్గయి రోజూ కొంగు సదురుకుంటున్న. రెండు కండ్లు మంచిగున్న ముప్పై ఏండ్లు నేల దిక్కే చూసిండు. కనవడేదాక చూడమని చెప్పు బిడ్డా. నేను యాడికి పోను, ఈడనే కూసుంట.